కూలిన పసుపు కొట్టం: పాత ఫుటింగ్‌ల (పిల్లర్ల కింది కాంక్రీటు దిమ్మెల) మీదే కట్టొచ్చా? మేస్త్రీ సరే అంటున్నాడు, నాకు ధైర్యం చాలడం లేదు

చాపాడు సైన్సు సారు:

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా చాపాడు మండలంలో కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద పల్లె. నేను ప్రొద్దుటూరులో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తా. సిమెంటు పని గురించి నాకు తెలిసింది సున్నా, కాబట్టి తప్పుగా రాస్తే సర్దుకోండి.

మా నాయన 2006లో పసుపు పెట్టుకోవడానికి చేను పక్కన కొట్టం కట్టించినాడు. 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు. కాలువ పక్క 5 పిల్లర్లు, బాట పక్క 5 పిల్లర్లు. పిల్లర్ 9 ఇంచులు బై 12, ఒక్కోదాంట్లో నాలుగు 12 ఎంఎం కడ్డీలు. చుట్టూ ఇటుక గోడ, పైన ఇనుప ట్రస్సులు, సిమెంటు రేకులు, కింద కడప బండలు. నాయన పోయి ఆరేండ్లయింది. కొట్టం మాత్రం నిలబడే ఉంది అనుకుంటా వచ్చినాం.

పోయిన మే నెలలో ఒక సాయంత్రం గాలీవానా లేచింది. కాలువ పక్క వరసలో నడిమి మూడు పిల్లర్లు తెగిపోయినాయి. ఆ పక్క గోడ పొడవునా బయటికి పడింది, ట్రస్సులు మోకాళ్ల మీద కూలబడినట్టు కూలబడినాయి. పసుపు అప్పటికే అమ్మేసి ఉన్నాం. మా అమ్మ రోజూ ఆ గోడ నీడనే మంచం వేసుకునేది, ఆ పొద్దు వేసుకోలేదు. మిగతా నష్టం నష్టమే కాదు.

ఇప్పుడు విషయం ఏందంటే, మళ్లీ కట్టాల. మా మేస్త్రీ మాట ఇది: "పునాది దిట్టంగా ఉంది సార్. తెగిన కాడ కొత్త కడ్డీలు తగిలించి పిల్లర్లు లేపుదాం. ఈసారి రేకులు వద్దు, స్లాబు పోద్దాం. రేపు పాపకు కావాలంటే పైన ఇల్లు కట్టుకోవచ్చు." పునాది ఖర్చు లక్షన్నర మిగుల్తుందంట. టౌను నుంచి ఒక ఇంజనీరును పిలిపిస్తే ఆయన బండి మీద నుంచే చూసి "అంతా పీకేయండి" అని పోయినాడు. ఒకాయన గుంతలోకి దిగకుండా బాగుందన్నాడు, ఇంకొకాయన బండి దిగకుండా బాగాలేదన్నాడు.

నేను ఒక పిల్లర్ దగ్గర జేసీబీతో తవ్వించినా. నాలుగున్నర అడుగుల లోతులో ఫుటింగ్, 4 అడుగులు బై 4 అడుగులు, కింద బెడ్ కాంక్రీటు ఉంది. జేసీబీ పండ్లు తగిలి ఒక మూల చెక్క లేచింది. పైన వెంట్రుకంత సన్న పగులు ఒకటి. నేలంతా నల్లరేగడి, గుంత గోడల్లో నెర్రెల్లోకి చెయ్యి దూరుతుంది.

ఈ ఫుటింగ్‌లు పనికొస్తాయా లేదా అని ఎట్ల తేల్చుకోవాల? ఏ టెస్టులు చేయించాల, ఏవి నేనే చేసుకోవచ్చు?

వాస్తు ప్రియ:

ముందు కాలువ ఏ దిక్కుకు ఉందో చెప్పండి సార్. ఈశాన్యంలో గుంత తవ్వించారా?

సైటు చెప్పులు:

నమస్తే సార్. నేను కర్నూలోడిని, 22 ఏళ్లుగా సైటు పని. కొంచెం పొడుగ్గా రాస్తాను, తీరిగ్గా చదవండి.

కాంక్రీటు గట్టిదా కాదా అన్నది మీ రెండో ప్రశ్న కావాలి. కొట్టం ఎందుకు పడిందన్నది మొదటిది. గాలికి పడిందని మాత్రం అనొద్దు. అదే గాలికి ఏడు పిల్లర్లు నిలబడ్డాయి కదా. ఆ మూడే ఎందుకు తెగాయి, అన్నీ కాలువ పక్కవే ఎందుకయ్యాయి, నేల నుంచి ఎంత ఎత్తులో తెగాయి? మీ పోస్టులో ఇదొక్కటే లేదు. కారణం తెలియకుండా అదే పునాది మీద లేపితే అదే కారణం మళ్లీ పనిచేస్తుంది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి మా ఊళ్లోకి వచ్చినప్పుడు, నీళ్లు తీసిన తర్వాత చాలా ఇళ్లు చూసొచ్చాను. ఒక ఇంట్లో ఫుటింగ్ మీద సుత్తితో కొడితే గంటలా మోగింది. ఆ ఇంటాయన సంతోషపడిపోయాడు. నేను పడుకుని ఫుటింగ్ అడుగున చెయ్యి పెడితే మోచేతి దాకా లోపలికి పోయింది, కింద మట్టి కొట్టుకుపోయింది. రాయిలాంటి కాంక్రీటు గాల్లో కూర్చుని ఉంది. అప్పటి నుంచి నేను ముందు కాంక్రీటు చూడను, దాని కింద చూస్తాను.

ముందు జాగ్రత్త. నిలబడి ఉన్న ఏడు పిల్లర్లకు, ఒరిగిన ట్రస్సులకు సపోర్టులు పెట్టించండి, ఆ తర్వాతే గుంతల్లోకి మనిషిని దింపండి. పక్కపక్క పిల్లర్ల దగ్గర ఒకేసారి తవ్వొద్దు, ఒకటి విడిచి ఒకటి తవ్వండి. ఆఖరి రెండడుగులు జేసీబీ వద్దు, గడ్డపార, పార చాలు. ఆ లేచిన చెక్క పాతదో కొత్తదో ఇప్పుడు మీకే సందేహం వచ్చింది చూడండి, అందుకే.

తర్వాత మట్టం చూసే నీళ్ల ట్యూబు. మేస్త్రీ దగ్గరుంటుంది. పది పిల్లర్ల దగ్గరా ప్లింత్ బీమ్ (నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపే బీమ్) పైమట్టం ఒకే గుర్తు నుంచి కొలిచి కాగితం మీద రాయండి. కట్టిన రోజు అన్నీ ఒకే మట్టం అనుకుంటే, ఇప్పుడున్న తేడా ఈ ఇన్నేళ్లలో నేల చేసిన పని. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. బరువైన కట్టడాన్ని అది అంతగా ఎత్తలేదు, రేకుల కొట్టం లాంటి తేలికదాన్ని ఎత్తేస్తుంది. కాలువ పక్క తడి ఎక్కువ, బాట పక్క తక్కువ, అంటే రెండు వరసలూ ఒకేలా కదలవు. ఇప్పుడు కొలిచేది కాలువ ఎండి ఉన్నప్పటి లెక్క, నీళ్లు వదిలాక ఇంకోసారి కొలవండి.

మీరు సైన్సు సారు కాబట్టి ఒక పని చెప్తాను. ఫుటింగ్ అడుగు మట్టం నుంచి మట్టి తీసి, పూర్తిగా ఆరబెట్టి, మెత్తగా చేసి, 425 మైక్రాన్ జల్లెడ పట్టండి. 10 గ్రాముల చొప్పున రెండు 100 మిల్లీలీటర్ల కొలజాడీల్లో వేయండి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి, కలిపి, 24 గంటలు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. తేడాను కిరోసిన్ కొలతతో భాగించి వందతో గుణిస్తే ఫ్రీ స్వెల్ ఇండెక్స్. 50 దాటిందంటే మామూలు ఫుటింగ్ గురించి మరోసారి ఆలోచించాలి.

ఇక కాంక్రీటు. రీబౌండ్ హామర్ తెచ్చి నాలుగు దెబ్బలు కొట్టి "ఎం20 ఉంది సార్" అని, అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉందని, రాసిచ్చేవాళ్లుంటారు. అది పైపొర గట్టిదనం మాత్రమే చెప్తుంది. దాన్నుంచి బలం లెక్కగడితే 25 శాతం అటూఇటూ ఉంటుందని ఐఎస్ కోడే (కట్టడాల ప్రమాణాల పుస్తకం) చెప్తుంది. మట్టిలోంచి తీసిన తడి, గరుకు ఫుటింగ్ మీద ఇంకా తప్పు చూపిస్తుంది. కాంక్రీటులో ధ్వని తరంగం ఎంత వేగంగా పోతుందో చూసే అల్ట్రాసానిక్ పల్స్ మెరుగు. సెకనుకు 3.75 కిలోమీటర్లు దాటితే మంచిదే, మూడు లోపలైతే అనుమానించాలి. బలం ఇంత అని తేల్చేది మాత్రం కోర్ ఒక్కటే, అంటే కాంక్రీటులోంచి గుండ్రంగా కోసి తీసి ల్యాబులో నలగ్గొట్టి చూసే ముక్క. మూడు కోర్‌ల సగటు అనుకున్న బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు, ఇది కాంక్రీటు కోడు ఐఎస్ 456లో ఉంది. ప్రొద్దుటూరు, పులివెందుల ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ డిపార్ట్‌మెంట్లలో అడిగి చూడండి.

కడ్డీలు కూడా. తెగిన చోట ముక్క కోసి, తుప్పు గీకి, తూకం వేయండి. 12 ఎంఎం కడ్డీ మీటరుకు 0.89 కిలో తూగాలి.

ఆఖరుది, మీ మేస్త్రీ అసలు తలుచుకోనిది బరువు. పాత కొట్టంలో ఒక్కో పిల్లర్ మీద గోడతో కలిపి ఆరేడు టన్నులుండేది. స్లాబు పోసి, గోడలు కట్టి, మనుషులు తిరిగితే అంతస్తుకు పిల్లర్‌కు 12 టన్నులు సులభంగా వస్తుంది. రెండంతస్తులంటే 24. మీ 4 అడుగుల ఫుటింగ్ అంటే చదరపు మీటరున్నర. చదరపు మీటరుకు 16 టన్నులు. మట్టి టెస్టు లేకుండా నల్లరేగడి మీద 10 కూడా నేను సంతకం పెట్టను. 24 అడుగుల స్పాన్‌కు మధ్యలో పిల్లర్ లేకుండా బీమ్ ఎంత లోతు రావాలో మేస్త్రీనే అడగండి, ఆయన మొహం చూస్తే మీకే తెలుస్తుంది.

తాపీ తాత:

అయ్యోరా, నాది ప్రొద్దుటూరే. నలభై ఏండ్ల పొద్దు తాపీ పట్టినా, ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఇంట్లో కూచున్నా. మా మనమరాలు టైపు చేస్తాంది.

కర్నూలు ఇంజనీరు సారు చెప్పినవన్నీ సరే. కర్చు లేని పని ఒకటి చెప్తా. కిలో సుత్తి తీసుకోని ఫుటింగ్ నిండా జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటా పో. టంగుమంటే మంచిది. బద్దుమంటే లోపల గుల్ల. గుల్ల మోగిన కాడ సున్నంతో గుండ్రంగా గీత గీయి. గీతలు ఒక్క పక్కనే కూడినాయా, చెదురుగా ఉండాయా చూడు. ఒక్క పక్కనే ఉంటే ఆ పక్క ఏందో జరిగింది.

ఇంకోటి. 2006లో మేమంతా చేత్తో కలిపిన కాంక్రీటే. తట్టల లెక్క, ఒకటికి రెండు నాలుగు. పొద్దున పోసిన ఫుటింగ్ బాగుంటాది. మధ్యాన్నం ఎండకు మాలు బిగుసుకుంటా ఉంటే ఆడోళ్లు మోయలేక ఇంకో బిందె నీళ్లు పోయమంటారు, మేము పోసేవాళ్లం. అబద్ధం ఎందుకు చెప్పాల. ఒకే కొట్టంలో పది ఫుటింగ్‌లు పది రకాలు ఉంటాయి. ఒక్కటి తవ్వి చూసి పదీ మంచివనుకోవద్దు.

కమ్ములు వంగిపోయినాయి కదా, వాటికి పైపు తొడిగి మళ్లీ నిటారుగా వంచుతారు చూడు, ఒప్పుకోవద్దు. వంచి మళ్లీ వంచిన కమ్మి సగం సచ్చినట్టే, ఆ మలుపు కాడ సన్న చీలికలు పడతాయి. తుప్పు పట్టిందైతే చెప్పనే అక్కర్లా.

తాడిపత్రి బండ:

నా కథ చెప్తాను, పనికొస్తుందేమో. మాది అనంతపురం జిల్లా. ఎర్రనేల, మూడడుగులకే రాయి తగుల్తుంది. లారీ గుద్ది మా దుకాణం ముందు పిల్లర్లు రెండు పడిపోయినాయి. ఫుటింగ్‌లు నిజంగానే బ్రహ్మాండంగా ఉన్నాయి, కోర్ కూడా పాస్. మోసపోయింది వేరే చోట. ఫుటింగ్‌లో బెజ్జాలు వేసి కొత్త కడ్డీలు దింపినారు. కెమికల్ యాంకర్ (బెజ్జంలో కడ్డీని పట్టి ఉంచే జిగురు మందు) ఖర్చెందుకని సిమెంటు పాలు పోసి కూరేసినారు. పిల్లర్ పోసే ముందు రోజు సాయంత్రం నేను ఊరికే ఒక కడ్డీ పట్టుకుని తిప్పితే తిరిగింది. నేను ఆశ్చర్యపడి ఇంకొంచెం లాగితే పుల్ల మాదిరి పైకొచ్చింది, కొసకు ఇంకా దుమ్ము అంటుకునే ఉంది. బెజ్జం ఊదనే లేదు వాళ్లు. అన్నీ మళ్లీ వేయించినా. పాత ఫుటింగ్ ఉంచుకుంటే ఆ కలిసే కాడ మీరే నిలబడండి సార్, సెలవు పెట్టైనా సరే.

చాపాడు సైన్సు సారు:

అందరికీ చాలా థాంక్స్. రెండు వారాలు పట్టింది, బడి తెరిచినారు, దాంతో పని సగం ల్యాబులోనే జరిగింది. మా పదో తరగతి పిల్లోళ్లకు ఈసారి ఆమ్లాలు, క్షారాల పాఠం కొట్టంతోనే మొదలైంది.

మట్టం: బాట పక్క అయిదూ 4 ఎంఎం లోపల ఉన్నాయి. కాలువ పక్క రెండు కొస పిల్లర్లూ వాటితో దాదాపు సమానం, నడిమి మూడు మాత్రం 15, 23, 18 ఎంఎం పైకి లేచి ఉన్నాయి. పడిపోయినవి ఆ మూడే. ప్లింత్ బీమ్ మీద అక్కడే నిలువు పగుళ్లు.

మట్టి: కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్ల కాడ ఆగింది. నీళ్లలో పొద్దున చూసేసరికి 17. అంటే 70 శాతం. పిల్లోళ్లు జాడీని చూసి "సార్, ఇది ఇడ్లీ పిండా" అన్నారు.

తెగిన ఎత్తు: మూడూ నేల బండల మట్టం నుంచి జానెడు ఎత్తు లోపలే తెగినాయి. తాపీ మేస్త్రన్న చెప్పినట్టు సుత్తితో కొట్టి సున్నం గీతలు గీస్తే ఫుటింగ్‌లు దాదాపు అన్నీ టంగుమన్నాయి. గుల్ల అంతా నేల మట్టం కాడ, కాలువ వరసలోనే, గోడ లోపలి ముఖాన.

కడ్డీలు: 30 సెంటీమీటర్ల ముక్క 266 గ్రాములు తూగాల. 241 తూగింది. పది శాతం పోయిందంతేలే అనుకున్నా. తర్వాత వెర్నియర్ పట్టుకుని అంగుళం అంగుళం కొలుచుకుంటా పోతే ఒక కాడ 8.6 ఎంఎం. అక్కడ వైశాల్యం సగానికి పడిపోయినట్టు! తుప్పు పొరలు పొరలుగా కాదు, ఎలక కొరికినట్టు అక్కడక్కడ గుంటలు పడి ఉంది.

నాకు అర్థం కానిది ఇది. కాంక్రీటులో క్షారం పోతే కడ్డీకి తుప్పు పడుతుందని చదివినా. అందుకని పిల్లర్ తెగిన కాడ కొత్తగా చెక్క లేపి, క్షారం ఉంటే గులాబీ రంగుకు తిరిగే ఫినాఫ్తలీన్ కొట్టినా. పై పొర 20 ఎంఎం దాకా రంగు రాలేదు. కడ్డీ ఉండేది 35 ఎంఎం లోపల, అక్కడ గులాబీ రంగు బ్రహ్మాండంగా వచ్చింది. ఫుటింగ్ మీద అయితే అంచు దాకా గులాబీనే. క్షారం ఉన్న కాడే కడ్డీ ఎట్ల తినేసింది?

సైటు చెప్పులు:

మాస్టారూ, మీ అంత శ్రద్ధగా మా వాళ్లు చేస్తే నాకు బీపీ ఉండేది కాదు.

గులాబీ రంగు వచ్చిన చోట ఎలక కొరికినట్టు గుంటల తుప్పు ఉందంటే నాకు గుర్తొచ్చేది క్లోరైడ్, అంటే ఉప్పు. క్షారం ఎంత ఉన్నా అది కడ్డీ మీది రక్షణ పొరను ఒక్కో చోట పొడుచుకుని లోపలికి పోతుంది. ఫినాఫ్తలీన్ దాన్ని పట్టదు. సముద్రం మీకు దూరం. 2006లో పెన్నా ఇసుకే వాడి ఉంటారు, అందులో ఉప్పుంటే పదింటిలోనూ ఉండాలి. మూడింట్లోనే, అదీ లోపలి ముఖాన, అదీ నేల మట్టం దగ్గర. కొట్టం లోపల ఆ గోడ వెంబడి ఏం పెట్టేవాళ్లు?

చాపాడు సైన్సు సారు:

పసుపు కాకుండా ఎరువుల మూటలు. యూరియా, డీఏపీ, పొటాష్. పసుపుకు పొటాష్ ఎక్కువ పడుతుంది కాబట్టి ఎర్ర పొటాష్ మూటలు ఎప్పుడూ ఉండేవి. నాయన వాటిని కాలువ పక్క పిల్లర్లకు ఆనించి పేర్చేవాడు, తలుపుకు ఎదురుగా దించడం సులువని. వానాకాలంలో మూటల కింద బండలు చెమ్మగా, జిగటగా ఉండేవి. మేం చిన్నపిల్లలప్పుడు ఆడ కాలు జారి పడినాం కూడా.

ఇది రాస్తా రాస్తా ఉంటేనే తట్టింది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. ఏటా బోర్డు మీద రాసి చెప్తా నేను.

సైటు చెప్పులు:

అదే. ఇరవై ఏళ్లు మూటల చెమ్మ బండల సందుల్లోంచి దిగి పిల్లర్ మెడకు పట్టుకుంది. నల్లరేగడి కింద నుంచి తోసింది, గాలి పక్క నుంచి తోసింది, సన్నబడిన చోట తెగింది.

ల్యాబులో సిల్వర్ నైట్రేట్ ఉందా? 0.1 నార్మల్ ద్రావణం కలపండి, డిస్టిల్డ్ వాటర్‌తోనే, బోరు నీళ్లలో కూడా క్లోరైడ్ ఉంటుంది. అప్పుడే లేపిన చెక్క మీద కొట్టండి. ఉప్పు ఎక్కువున్న చోట తెల్లబడుతుంది, లేని చోట గోధుమ రంగుకు తిరుగుతుంది. పిల్లలకు గ్లవ్స్ వేయించండి, చేతుల మరకలు వారమైనా పోవు. ఫుటింగ్ దాకా ఉప్పు దిగిందా అన్నది మనకు కావాలి. దిగిన ఫుటింగ్‌ను అతుకులేసి వాడే ఆలోచన వద్దు. పాత ఉప్పు కాంక్రీటు పక్కన కొత్త కాంక్రీటు పోస్తే తుప్పు ఆగదు, ఆ అతుకు చుట్టూ ఉన్న పాత భాగానికి చోటు మారుతుంది.

చాపాడు సైన్సు సారు:

చేసినా. పిల్లర్ మెడ కాడ స్ప్రే కొట్టీకొట్టంగానే పాలు విరిగినట్టు తెల్లగా తేలింది. పిల్లోళ్లు చప్పట్లు కొట్టినారు, నాకు మా నాయన గుర్తొచ్చి గొంతు పట్టింది. మూటలు పిల్లర్‌కు ఆనిస్తే గోడ మీద బరువు పడదని ఆయన లెక్క.

నడిమి మూడింటి ఫుటింగ్‌ల మీద 30 ఎంఎం దాకా తెలుపు దిగింది. ఒక కొస పిల్లర్ ఫుటింగ్‌లో కూడా ఒక పక్క చార ఉంది. మిగతా ఆరు గోధుమ రంగే. ఆ ఆరింటిలో మూడింట కోర్ తీయించినా. లోపల కడ్డీలు యాడున్నాయో మీటరుతో చూసుకుని, వాటికి తగలకుండా తీసినారు. రిపోర్టు: చదరపు మిల్లీమీటరుకు 17.8, 19.1, 16.4 న్యూటన్లు. సగటు 17.8. ఎం20కి 85 శాతం అంటే 17, 75 శాతం అంటే 15. పాస్. 16.4 వచ్చింది మధ్యాన్నం పోసిందేమో మేస్త్రన్నా!

కోర్ పాస్ అయిన కాగితం చూసి మా మేస్త్రీ "నేను చెప్పలేదా సార్" అన్నాడు. ఆయనకు 16 టన్నుల లెక్క చూపించినా. కాసేపు చూసి, బీడీ ముట్టించుకుని, "అయితే రేకులే వేద్దాం" అన్నాడు.

ఇప్పటికి అనుకున్నది: మళ్లీ రేకుల కొట్టమే. ఆరు ఫుటింగ్‌లు ఉంచుకుంటా, నాలుగు తీసేసి కొత్తవి పోయిస్తా. పాప ఇల్లు ఊరికి పై పక్క గరుసు నేల ఉంది, అక్కడ. ఆ నాలుగింటికీ పైల్స్ (లోతుకు దింపే కాంక్రీటు స్తంభాలు) వేయమని ఒకాయన అంటున్నాడు, వేయాల్నా?

సైటు చెప్పులు:

వద్దు. నల్లరేగడిలో అండర్‌రీమ్డ్ పైల్స్ మంచివే. కింద గడ్డలా ఉబ్బుండి, ఋతువుల తడి మారని లోతులో, అంటే మూడున్నర మీటర్ల దాకా పోయి పట్టుకుంటాయి. కానీ ఆరు ఫుటింగ్‌లు నేలతో కదులుతూ, నాలుగు పైల్స్ కదలకుండా ఉంటే మీ ప్లింత్ బీమ్ మధ్యలో నలుగుతుంది. పాత లోతులోనే, పాత సైజులోనే పోయండి. పాత గుంతల్లో ఉప్పు మట్టి పూర్తిగా తీసేయండి. తిరిగి నింపేటప్పుడు ఇసుక నింపుతామంటారు, ఒప్పుకోవద్దు, నల్లరేగడి మధ్య ఇసుక గుంత అంటే నీళ్ల తొట్టి. గరుసు మట్టి పొరలు పొరలుగా దిమ్మెస కొట్టించండి. కాలువ పక్క గోడ వెంబడి బయట నాలుగడుగుల బండల పరుపు, వాలు బయటికి. కొత్త ఫుటింగ్‌కు కవర్, అంటే కడ్డీ మీద కాంక్రీటు మందం, 50 ఎంఎం, బిళ్లలు సిమెంటువే, రాళ్లు ముక్కలు పెట్టనివ్వొద్దు.

ఉంచుకున్న ఆరింటిలో పిల్లర్లు పగలగొట్టి కడ్డీలు బయటికి తీసి చూడండి. మంచివుంటే కొత్త కడ్డీ పక్కన 700 ఎంఎం అతుకు ఉండాలి. అంత పొడవు పాత కడ్డీ మిగలకపోతే తాడిపత్రి అన్న చెప్పినట్టు కెమికల్ యాంకర్, మీరు పక్కన నిలబడి.

తాపీ తాత:

అయ్యోరా, అంతా బాగుండాది. ఒక్కటి అడుగుతా. కొట్టం పడిపోయింది కదా, ఆ పొటాష్ మూటలు ఇప్పుడు యాడ పెట్టినావు?

చాపాడు సైన్సు సారు:

ఇంటి వసారాలో. పిల్లర్ పక్కనే పేర్పించినా మేస్త్రన్నా. మనిషిని పిలుస్తాండా, ఇప్పుడే తీయిస్తా.